మంగళవారం అందరికీ రెండే

నాకు ముక్కు మీద కోపమని మా ఆస్పత్రిలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళు కేన్సర్ వార్డులో నర్సుగా చేశాను. మంచాల మీదికి వంగీ వంగీ నడుం పాడైతే, ఇక బరువులెత్తే పని వద్దని నన్ను రీసెర్చి గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఎత్తాల్సింది కాగితాలే అన్నారు. సరేనన్నాను, మొహం గంటు పెట్టుకునే అన్నాను.

ఆ గదికి పెద్ద ఒక మనసు డాక్టరు. ముప్ఫై దాటాయో లేదో, చూస్తే కాలేజీకి వెళ్ళే పిల్లలా ఉంటుంది. పైకి మర్యాదగా డాక్టరమ్మా అంటాను గానీ లోపల పిల్ల డాక్టరనే అనుకుంటాను. మొదటి రోజు తన పని గురించి చెప్పమంటే ఆ పిల్ల ఒకే మాట చెప్పింది. "కణితి ఎంతుందో మిల్లీమీటర్లతో సహా కొలుస్తాం సిస్టర్. మనిషి ఎంత నలిగిపోయాడో మాత్రం మొహం చూసి ఊహించేస్తాం." ఆ మాటతో నాకు నచ్చేసింది. నచ్చిందని మొహంలో కనపడనివ్వలేదు, మొదటి రోజే అలుసవడం నాకిష్టం లేదు.

కీమో ఎక్కించుకునే వాళ్ళకి వారం వారం మనసెలా ఉంటోంది, ఎవరికి ఎప్పుడు ఆసరా కావాలి అన్నది ఆ పిల్ల పరిశోధన. దానికి ఒక పేజీ ఫారం. ఎడమ పక్క థర్మామీటరు బొమ్మ, కింద సున్నా, పైన పది. గడిచిన వారంలో మనసుకి ఎంత కష్టంగా ఉందో పక్కనున్న గడిలో అంకె వెయ్యాలి. కుడి పక్క నిద్ర, ఆకలి, భయం, ఇంటి గొడవలు అంటూ ఒక వరస, ఉన్నవాటికి టిక్కు పెట్టాలి. అన్నిటి కిందా 'ఇంకేమైనా' అని ఒక ఖాళీ గీత. అంకె నాలుగు గానీ ఆపైన గానీ ఉంటే ఆ కాగితం నేను అప్పటికప్పుడు పై అంతస్తుకి తీసుకెళ్ళాలి, డాక్టరమ్మ ఆ మనిషిని పిలిపించుకుని మాట్లాడుతుంది. మూడూ, అంతకన్నా తక్కువా అయితే ఫైల్లోకి పోతుంది. ఆ ఫైలు మళ్ళీ నెలాఖరుకి గానీ ఎవరూ తెరవరు.

కీమో హాల్లో కిటికీ పక్కన ఆరు కుర్చీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మంగళవారం వచ్చేవాళ్ళు దాన్ని బెంచీ అంటారు. ఆ పేరు పెట్టింది మాస్టారు. ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, భార్య పోయి నాలుగేళ్ళయింది, కడుపులో కణితి. బట్టతల ముందునుంచే ఉండటం వల్ల కీమో తన దగ్గర ఓడిపోయిందని వచ్చిన రోజే ప్రకటించారు. ఎవరి సెలైను ఎన్ని చుక్కల చొప్పున పడుతోందో, ఎన్నింటికి అయిపోతుందో లెక్కగట్టి చెప్పేవారు. డ్యూటీ నర్సులు ఆయన చెప్పిన టైమునే నమ్ముకునేవాళ్ళు.

ఆయన పక్క కుర్చీ బన్నమ్మది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, అన్న బేకరీలో పదహారేళ్ళుగా పిండి పని చేస్తోంది. కుడి రొమ్ముకి ఆపరేషనై, ఆ తర్వాత పన్నెండు వారాల కీమో రాశారు. ప్రతి మంగళవారం ఒక సంచినిండా వెచ్చటి బన్నులు తెచ్చి బెంచీ అంతటికీ పంచేది. తినగలిగినవాళ్ళు తినేవాళ్ళు, తినలేనివాళ్ళు వాసన చూసి ఇచ్చేసేవాళ్ళు. ఆ పేరు కూడా మాస్టారే పెట్టారు. ఆవిడ ఏమీ అనుకోలేదు. నన్ను అక్కా అనేది, ఆయన్ని మాస్టారూ అనేది, మిగతా సమయమంతా వినేది. నోట్లో నాలుక లేని మనిషని అందరం అనుకున్నాం.

రెండు నెలలు గడిచాక ఒకరోజు పిల్ల డాక్టరు నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచింది. సోమవారం వాళ్ళ గీత పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతోంది. గురువారం వాళ్ళదీ అంతే. మంగళవారం గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు రెండు మీద తిన్నగా పోతోంది. మూడో వారం నుంచీ ఆరుగురూ, వారం వారం, రెండే.

"మంగళవారం వాళ్ళలో ఏదో ఉంది సిస్టర్" అంది, కళ్ళు మెరుస్తుంటే. అదేమిటో పట్టుకోవాలని కూర్చుంది. కిటికీ వెలుతురా, బన్నులా, మాస్టారి కబుర్లా అని ఒక పట్టిక రాసింది. అంతటితో ఆగక గురువారం వాళ్ళ కుర్చీలు కూడా కిటికీ పక్కకి జరిపించింది. కళ్ళలో ఎండ కొడుతోందని వాళ్ళు నామీద విరుచుకుపడ్డారు, వాళ్ళ అంకెలు ఇంకో రెండు పెరిగాయి. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. మంగళవారం సంగతి మీద ఏదో సభలో చదవడానికి పేపరు మొదలుపెట్టింది.

నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉంది. వాంతుల గిన్నెలు మంగళవారం కూడా అన్నే నిండేవి, అది నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. అయినా నా చేతుల మీదుగా పోయే కాగితాల్లో ఇంత మంచి సంగతి బయటపడితే కాదనడానికి మనసొప్పలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నాకు అనుమానం రావాలి. రాలేదు, రానివ్వలేదు.

బన్నమ్మ తన కీమోలో ఎనిమిదో మంగళవారం రాలేదు. ఆవిడ కుర్చీలో ఎవరూ కూర్చోకుండా మాస్టారు తన చేతిసంచి పెట్టారు. పదింటికి ఫోన్ చేస్తే అన్న ఎత్తాడు. రానంటోందని చెప్పాడు. ఇంక చాలంటోందట, ఎందుకంటే మాట్లాడదట. ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నేను పోయి కీమో రాసే పెద్ద డాక్టరుతో చెప్పాను. ఒక వారం పోతే సర్దుకోవచ్చు, రెండు వారాలు దాటితే మాత్రం ఇప్పటిదాకా చేసిందంతా నీరుగారిపోవచ్చు అన్నాడాయన. ఆ ఒక వారం ఆరోజుతో అయిపోయింది.

గదికొచ్చి ఆవిడ ఫైలు తీశాను. ఏడు వారాలవి ఏడు కాగితాలు బల్ల మీద వరసగా పరిచాను. రెండు, రెండు, రెండు. నిద్ర కొంచెం అని టిక్కు, ఆకలి కొంచెం అని టిక్కు, భయం దగ్గర ఖాళీ. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. నాలుగో కాగితం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మొదటి మూడింట్లో అంకె సన్నగా, బెరుగ్గా ఉంది. నాలుగో దాన్నుంచి రెండుకి పొడుగ్గా తోక వచ్చింది, బ్లాక్‌బోర్డు మీద సుద్దతో వేసినట్టు. ఆ తోక నాకు బాగా తెలుసు. అదే తోక మాస్టారి కాగితాల్లో ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నడుం నొప్పి సంగతి మర్చిపోయి ఏడు కాగితాలూ పట్టుకుని గబగబా హాల్లోకి వెళ్ళాను. ఆయనకి సెలైను ఎక్కుతోంది. కాగితాలు ఒళ్ళో పడేసి, ఇదేం పని మాస్టారూ అన్నాను. ఆయన తడబడతారనుకున్నాను. తడబడకపోగా, పట్టుబడ్డందుకు కాస్త సంతోషించినట్టు కూడా కనిపించారు. కళ్ళజోడు పెట్టెలోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి నా చేతిలో పెట్టారు. ఫారంలో ఉన్న ప్రతి ప్రశ్నకీ జవాబు అందులో వరస నంబర్లతో రాసి ఉంది. చివర ఆయన సంతకం కూడా ఉంది.

"బెంచీ మీద అందరికీ ఇచ్చాను సిస్టరమ్మా" అన్నారు. "సున్నా వేస్తే మీరు నమ్మరు. మూడు దాటితే గండం. రెండైతే క్షేమం."

గండమేమిటని అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఫారాలు మొదలైన రెండో వారంలో, బన్నమ్మ ఇంకా చేరకముందు, బెంచీ చివర కూర్చునే లారీ డ్రైవరు ఆరు వేశాడు. పది నిమిషాల్లో నేను చక్రాల కుర్చీ తెచ్చి అతన్ని పైకి తీసుకుపోయాను. ఆరోజు అతనికి మందు ఎక్కించలేదు, ఇంటికి పంపేశారు. రక్తంలో కణాలు తక్కువుంటే ఎలా పంపేస్తారో, ఈ అంకె ఎక్కువుంటే అలాగే పంపేస్తారని ఆయనకి అర్థమైపోయింది. కీమో వాళ్ళకి అన్నిటికన్నా పెద్ద భయం అదే. పొద్దున్నే రక్తం ఇచ్చి, కౌంటు చాలిందా లేదా అని గంటసేపు గుండెలు చిక్కబట్టుకుని కూర్చుంటారు. చాలకపోతే ఒక వారం వెనక్కి. ఇంకో పరీక్ష పెట్టి ఇంకో వారం కాజేస్తున్నామని ఆయన అనుకున్నారు, తన వాళ్ళని గట్టెక్కించడానికి జవాబులు తయారుచేశారు.

నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది. ఆరోజు నాకు బాగా గుర్తుంది. డ్రైవరుకి నిజంగానే కౌంటు తక్కువొచ్చింది, మందు ఆగింది అందుకే. పైకి తీసుకెళ్ళింది వేరే సంగతి, ఆరు వేసి ఏడుస్తున్నాడని డాక్టరమ్మ రమ్మంది. రెండూ ఒకేరోజు పడ్డాయి. అది బెంచీకి ఒక్కముక్క చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. అసలు మొదటిరోజు ఆ ఫారం దేనికో విడమరిచి చెప్పమని డాక్టరమ్మ నాకు రెండు పేజీలు రాసిచ్చింది. నేను చేసిందల్లా, ఐదు నిమిషాల పనండీ, నింపేసి ఇక్కడ సంతకం పెట్టండి అనడమే. నా తొందర నాది.

మరి బన్నమ్మది మీరెందుకు రాశారని అడిగాను, ఈసారి మెల్లగా.

"చేతికి సూది ఉంది కదా, పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉందంది. రాసిపెట్టాను."

"ఆపరేషను కుడి వైపు కాబట్టి ఆవిడకి సూది ఎప్పుడూ ఎడమ చేతికే పెడతాం మాస్టారూ" అన్నాను. "ఆవిడ రాసేది కుడి చేత్తో."

ఆయన ఒళ్ళో ఉన్న కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశారు, నాలుగో దానిదగ్గర తన రెండుని తనే చూసుకున్నారు. మూడు దాటితే మీరు నిజంగా ఏం చేస్తారని అడిగారు. డాక్టరమ్మ పక్కన కూర్చుని మాట్లాడుతుంది, కావలసింది చూస్తుంది, అంతేనన్నాను. మందు ఆపరా అన్నారు. ఈ కాగితం చూసి ఎవరూ మందు ఆపరన్నాను.

"ఒక్క కేసు చూసి సూత్రం రాసేశానమ్మా" అన్నారాయన. "నా క్లాసులో పిల్లలెవరైనా అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి."

పైకెళ్ళి పిల్ల డాక్టరుకి అంతా చెప్పాను. మంగళవారం పేపరు గురించి ఏడుస్తుందేమోనని రుమాలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ పిల్ల కంప్యూటరు మూసేసి, నేను కిటికీని మెచ్చుకుంటూ కూర్చున్నాను సిస్టర్ అని ఒక్కసారి తల పట్టుకుంది. తర్వాత బన్నమ్మకి ఫోన్ చేసింది. బన్నమ్మ ఫోన్ దగ్గరికి రాలేదు, అన్నే మాట్లాడాడు. మర్నాడు తనే బేకరీకి వెళ్తానంది డాక్టరమ్మ. ఆ మాట కింద మాస్టారికి చేరేసరికి ఆయన ఒప్పుకోలేదు. తప్పు చెప్పింది నేను, దిద్దాల్సిందీ నేనే అని పట్టుబట్టారు. కౌంటు చూసి, మాస్కు కట్టుకోమని, నన్ను తోడిచ్చి పంపింది డాక్టరమ్మ. పిల్లే గానీ ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో తెలుసు.

బుధవారం పదిన్నరకి వెళ్ళాం. పొద్దుటి సరుకు అంతా బయటికి వెళ్ళిపోయిన వేళ. ముందు గదిలో గాజు అల్మరాలు, వెనక పొయ్యి, మధ్యలో నిలువెత్తు చక్రాల స్టాండు, దాని నిండా ఖాళీ ట్రేలు. నేల మీద పిండి పలచగా పరుచుకుని ఉంది, అడుగేస్తే అచ్చు పడుతోంది. అన్న చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి ఆయన మొహంలో ఎంత ఆశ కనపడిందంటే నాకు భయమేసింది. చెల్లెలు వెనకుంది, మీరైనా చెప్పండన్నాడు.

బన్నమ్మ బోర్లించిన డబ్బా మీద కూర్చుని స్టాండులో ట్రేలు లెక్కపెడుతోంది. తలకి స్కార్ఫు ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, మాస్టారు వద్దన్నారు. నేను నర్సుని కదా, మొహం కన్నా ముందు చేతులు చూశాను. కుడిచేతి వేళ్ళ కొసల మీద మూడు బొబ్బలు, ఒకటి చితికిపోయి ఉంది. ఎప్పుడు కాలిందని అడిగాను.

"తెలియదక్కా" అంది. "ట్రే వేడిగా ఉందో లేదో తెలియట్లేదు. అన్నయ్య చూసి అరిస్తే తెలిసింది."

ఎన్నాళ్ళ నుంచని అడిగితే నాలుగో వారం నుంచని చెప్పింది. మొదట కొసలు తిమ్మిరెక్కాయట, తర్వాత వేళ్ళన్నీ మొద్దుబారాయట. బొత్తాలు పెట్టుకోలేకపోతోంది, పెన్ను జారిపోతోంది. చెబితే మందు ఆపేస్తారని మొదట భయపడింది. ఆ తర్వాత మందే వద్దనిపించింది. అంత పొడుగున ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పదహారేళ్ళ నుంచి పిండి పట్టుకుంటే చాలు, ఇంకెంతసేపు ఆగాలో చెప్పేదాన్ని. అన్నయ్య కూడా నన్నే అడుగుతాడు. ఇప్పుడు పిండి పట్టుకున్నా మట్టి పట్టుకున్నా ఒకటే నాకు. పన్నెండు వారాలయ్యేసరికి ఇవి పూర్తిగా పోతాయి. ఆ తర్వాత బతికి నేనేం చెయ్యను?" అంది. మాస్టారి వైపు చూడకుండా, "బెంచీ మీద అందరికీ రెండే. నాకొక్కదానికే ఇలా ఉందంటే నేనే పిరికిదాన్నని సిగ్గేసింది" అంది.

అందరూ చీటీ చూసి రాస్తున్నారని నీకు తెలుసు కదా అన్నాను.

"మిగతావాళ్ళు చూసి రాశారేమో. మాస్టారిది నిజంగానే రెండనుకున్నాను. ఆయనది చూసే కదా మాకిచ్చారు."

అప్పటిదాకా నిలబడే ఉన్న మాస్టారు ఇంకో డబ్బా బోర్లించుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నారు. ముప్ఫై ఆరేళ్ళు క్లాసుల ముందు నిలబడిన మనిషికి మాట తేలిగ్గానే వస్తుందనుకున్నాను. చాలాసేపు నీళ్ళు నమిలారు.

"నాది తొమ్మిది తల్లీ" అన్నారు చివరికి. "మూడో వారం నుంచీ తొమ్మిదే."

బన్నమ్మ తలెత్తింది. ఆయన స్టాండు వైపు చెయ్యి చూపించి, ఎన్ని ట్రేలున్నాయని అడిగారు. పదిహేడంది. ట్రేకి ఎన్ని బన్నులని అడిగారు. ఎనిమిదంది. మొత్తం ఎన్ని అన్నారు.

"నూట ముప్ఫై ఆరు" అంది, ఆలోచించకుండానే.

"నాకు రావట్లేదు" అన్నారు మాస్టారు. "రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఇరవయ్యో ఎక్కం దాకా చెప్పుకోవడం నాకు అలవాటు. మూడో వారంలో పదిహేడు దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు పదమూడు దగ్గరే తడుముకుంటున్నాను. సెలైను టైములు చెబుతున్నానే, అవి ఇంట్లో కాగితం మీద చేసి తెచ్చుకుంటున్నాను. మందు నా లెక్కలు పట్టుకుపోతోంది తల్లీ. అవి పోయాక నా దగ్గర ఏముంటుంది? అది చెప్పుకోలేక రెండని రాసుకున్నాను. నువ్వు నమ్ముతావని అనుకోలేదు."

నా కళ్ళలో తిరిగిన నీళ్ళు పిండి ఘాటుకి వచ్చాయని చెప్పుకున్నాను. పిండికి ఘాటేముంటుంది. బన్నమ్మ ఏడవలేదు. ఆయన మోకాలి మీద తన మొద్దుబారిన చెయ్యి పెట్టింది. పెట్టిన చోటు సరిగ్గా ఉందో లేదో తెలియక ఒకసారి కళ్ళతో చూసి సరిచేసుకుంది.

తర్వాత నేను నా పని చేశాను, ఈసారి తొందరపడకుండా. వేళ్ళ మొద్దుబారడం మందు వల్లే, అది మొదటిరోజే చెప్పాల్సిన సంగతి, చెబితే మందు తగ్గిస్తారు లేదా మారుస్తారు గానీ ఊరికే వదిలెయ్యరు అన్నాను. చాలామందికి నెలల మీద నెమ్మదిగా తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు, నీకెలా ఉంటుందో నేను మాటివ్వలేను అన్నాను. మాస్టారి మతిమరుపూ అలాంటిదే, ఇద్దరిదీ కూడా ఆ కాగితం మీద రాయాల్సిన సంగతే అన్నాను. బొబ్బలకి కట్టు కట్టాను. వస్తావా అని మాత్రం అడగలేదు, నాకు భయమేసింది. చూస్తానక్కా అని తనే అంది. వచ్చేటప్పుడు ఒక పొట్లం కట్టించి ఇచ్చింది. ముడి అన్న వేశాడు.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలియాలి. రెండో వారం దాటకూడదన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. పిల్ల డాక్టరు రోజుకి రెండుసార్లు ఏమైనా తెలిసిందా సిస్టర్ అని అడిగేది, తెలిస్తే చెప్పనా అని నేను కసిరేదాన్ని. ఆ తర్వాత ఇద్దరం చెరొక టీ తెచ్చుకుని మాట్లాడకుండా తాగేవాళ్ళం.

మంగళవారం తొమ్మిదికల్లా బెంచీ నిండింది, ఒక్క కుర్చీ తప్ప. దాన్లో మాస్టారి చేతిసంచి ఉంది. నేను ఫారాలు పంచకముందు ఆయన లేచి నిలబడ్డారు. చీటీ ఇచ్చినవాళ్ళందరూ వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. అందులో జవాబులన్నీ తప్పు, అవి రాసిన మనిషి తన జవాబే తను తప్పు రాసుకున్నాడు అని చెప్పి కూర్చున్నారు. లారీ డ్రైవరు జేబులోంచి నలిగిన చీటీ తీసి ముందుగా ఇచ్చాడు. తర్వాత నేను ఫారం దేనికో, దేనికి కాదో మొదటినుంచీ చెప్పాను. పావుగంట పట్టింది. పెన్నులు అందుకుని ఎవరి కాగితం వాళ్ళు రాశారు. ఏడు వచ్చింది, ఎనిమిది వచ్చింది, ఒకావిడ ఐదు వేసి మళ్ళీ కొట్టేసి తొమ్మిది చేసింది. మాస్టారి తొమ్మిదికి తోక లేదు.

పదింటికీ రాలేదు. పదింబావుకి తలుపు దగ్గర అన్న కనపడ్డాడు, సంచి పట్టుకుని. వెనక బన్నమ్మ. మాస్టారు తన చేతిసంచి తీసేసి, కుర్చీని అరచేత్తో తుడిచారు.

పెద్ద డాక్టరు ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. మందు మోతాదు తగ్గించి రాశాడు, మిగిలిన ఐదు వారాలూ పూర్తి చేద్దామన్నాడు. కౌంటు చాలింది. సూది ఎడమ చేతికి పెట్టారు. బన్నులు పంచడం అన్న చేశాడు, చేతకాని పనిలా ఒక్కొక్కరి ముందూ సంచి తెరిచి నిలబడి. బన్నమ్మ మాస్టారిని పదిహేడెనిమిదులు అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపి, నూట ముప్ఫై అన్నారు. ఆవిడ మిగతా ఆరూ చెప్పింది.

ఫారం ఇచ్చాను. పెన్ను వేళ్ళ మధ్య నిలవలేదు, కింద పడింది. తీసిచ్చాను, మళ్ళీ పడింది. మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ ముందుకొచ్చింది. వచ్చినదాన్ని ఆయనే వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. సెలైను ఉన్న చేతిని అలా పెట్టకూడదు, ఇంకోరోజైతే గట్టిగా చీవాట్లు పెట్టేదాన్ని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, పక్కకి మాత్రం చూడట్లేదు.

బన్నమ్మ పెన్నుని పిడికిలితో పట్టుకుంది. అంకె గడి దాటి బయటికి వచ్చింది. తర్వాత అన్నిటి కిందా ఉన్న ఖాళీ గీత మీద ఏదో రాయడం మొదలుపెట్టింది. ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. బెంచీ మీద ఎవరూ తొందరపెట్టలేదు, నేను కూడా. రాయడం అయ్యాక ఒకసారి తనే చదువుకుని, కాగితం నా చేతికిచ్చింది.

గడి మీద ఎనిమిది ఉంది. గీత మీద, వంకర టింకరగా, నా వేళ్ళు అని ఉంది.

లిఫ్టు కోసం ఆగలేదు. నడుం సంగతి తర్వాత చూసుకోవచ్చని, ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కాను.